మాటకు పీట వేసిన రాయి

దానికి శిల్పి పేరుండదు, శిలాఫలకం ఉండదు, ఆవిష్కరణ సభ జరగదు. అయినా ఊరి రాతిపనుల్లో ఎక్కువ మందికి ఉపయోగపడింది రచ్చబండే. ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు వెళ్లినా, మిరప, పత్తి చేలు దాటి లోపలి ఊళ్లకు వెళ్లినా, వేప చెట్టు కిందో రావి చెట్టు కిందో అది మన కోసం కాచుకునే ఉంటుంది. రోజూ కూర్చునేది కాబట్టి దాని పనితనం ఎవరికీ పట్టదు.

ముందు ఎత్తు చూడండి. మోకాలి దగ్గర ఆగుతుంది. చేతికర్ర తాత పెద్దగా నడుం వంచకుండా చతికిలబడొచ్చు. నలుగురికీ వినిపించేలా చెప్పాలనుకున్నవాడు ఒక్క అంగలో పైకెక్కొచ్చు. కుర్చీ, వేదిక రెండూ అదే. చెట్టు మొదలు చుట్టూ కట్టిన అరుగుకు తలవైపు, కాళ్లవైపు అంటూ లేవు. చెట్టుకు వీపు ఆనించి కూర్చుంటే ముఖాలన్నీ బయటివైపే ఉంటాయి. అందుకే అక్కడి మాట అక్కడే ఆగదు. దారిన పోయేవాడు కూడా సైకిలు దిగి ఓ మాట కలుపుతాడు.

ఇక చేతిపని. కొండరాయి మీద వరసగా రంధ్రాలు వేసి, ఇనప మేకులు దిగ్గొట్టి, పగులు తిన్నగా సాగేలా బండను చీల్చడం వడ్డెర్ల నేర్పు. పైబండ మీద వాననీళ్లు నిలవకుండా కనీకనపడని వాలు ఇస్తారు. తెలిసిన మేస్త్రీ అరుగును చెట్టు మానుకు ఆనించి కట్టడు, జానెడు మట్టి వదులుతాడు. లేకపోతే నాలుగేళ్లకు వేరు లావెక్కి రాళ్లను విడదీస్తుంది. ఉలి గాట్లు పక్కల ఇంకా గరుగ్గానే ఉంటాయి. కూర్చునే అంచు మాత్రం తరాల పంచెలు రాసుకుని నున్నబడిపోతుంది. ఆఖరి మెరుగు పెట్టింది ఊరివాళ్లే.

కొన్ని బండల మీద పులిజూదం గీతలు చెక్కి ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు ఒక్కటై దారులన్నీ కడితే పులి కదల్లేదు. మిరప ధర మీద వాదన ఒకవైపు, ఈ ఆట ఇంకోవైపు.

పనితనాన్ని మెచ్చుకుంటూ రచ్చబండ లోపం దాచకూడదు. చాలా ఊళ్లలో దళితులకు ఈ బండ ఎక్కే వీలుండేది కాదు. కింద నిలబడే తమ తగువు చెప్పుకున్నారు. ఆడవాళ్లు గుమ్మాల్లోంచే విన్నారు. ఆ మోకాలెత్తు కొందరికి కొండంత.

మాట్లాడే చోటంటే పాలకులకు ఎంత భయమో కొత్తపట్నం చూసింది. 1937 వేసవిలో యువకుల కోసం ఇక్కడ నడిపిన రాజకీయ, ఆర్థిక పాఠశాలను ప్రభుత్వం నిషేధించింది. అయినా జరుపుతామన్నవాళ్ల మీద పోలీసు లాఠీలు విరిగాయి.

మాటకు కోరి చోటిచ్చిన ఊరూ ఉంది. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు షార్లట్స్‌విల్‌లో 2006లో ఒక పలకరాయి గోడ కట్టారు. ఎవరైనా సుద్దముక్కతో తోచింది రాయొచ్చు, ఇంకొకరు చెరిపేయొచ్చు. వాక్ స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ సవరణను మాత్రం చెరగకుండా చెక్కారు. మార్కాపురం పలక మీద అ ఆలు దిద్ది, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసిన మన ఒంగోలు వైపువాళ్లకు ఆ గోడ కొత్తేమీ కాదు.

మన బండకు సుద్ద కూడా అక్కర్లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గెలిచినవాడి పేరు గానీ, ఓడినవాడి పేరు గానీ ఆ రాతి మీద ఎక్కడా లేదు. మిగిలినవి పులిజూదం గీతలే. రేపు సాయంత్రం ఎవరో వచ్చి వాటి మీద చింతగింజలు పేరుస్తారు, మాట మళ్లీ మొదలవుతుంది.