కాచుకునేది ఎవరు?

ఫిలిప్పీన్స్‌లో ఒకే చేపకు డోన్సోల్‌లో బుటాండింగ్ అని పేరు, ఓస్లోబ్‌లో తుకి అని. మనం తిమింగల సొర అంటాం. పేరులో తిమింగలం ఉన్నా అది చేపే, లోకంలో అన్నిటికన్నా పెద్ద చేప. నోరు తెరిచి నీళ్లు మింగి, అందులోని సన్నజీవులను వడకట్టుకు తింటుంది. దాని పక్కన మనుషుల్ని ఈదించడం ఈ రెండు ఊళ్లకూ కూడు పెడుతోంది.

డోన్సోల్‌లో ఈ పని 1998లో మొదలైంది. దేశమంతటా ఈ చేప వేటను నిషేధించిందీ ఆ ఏడే. పడవలో ఎత్తుగా ఒకడు నిలబడి నీళ్లలో నల్లటి నీడ కోసం వెతుకుతాడు. కనబడగానే గైడు దూకమంటాడు. కళ్లద్దాలు సర్దుకునేలోపు చేప దాటిపోయినా పోతుంది. ఒక చేపకు ఒకే పడవ, ఆరుగురే మనుషులు, పదే నిమిషాలు. గంటల తరబడి తిరిగి, ఏమీ చూడకుండా ఒడ్డుకు వచ్చే రోజులూ ఉంటాయి.

ఓస్లోబ్‌లో ఆ బెంగ లేదు. 2011 నుంచి అక్కడి తనావన్ అనే పల్లె జాలర్లు ఉయాప్ అనే సన్నరొయ్యల్ని గుప్పిళ్లతో నీళ్లలో వేస్తున్నారు. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేస్తారు. సొర నీళ్లలో నిలువుగా నిలబడి నోరు తెరుస్తుంది. బంతిభోజనాల్లో సాంబారు బకెట్టు ఎటు పోతే చూపులు అటే తిరిగినట్టు, మేతపడవ ఎటు కదిలితే అది అటే కదులుతుంది. చుట్టూ లైఫ్ జాకెట్లు వేసుకున్న జనం, పైకెత్తిన కెమెరాలు.

చేపకు నాలుగు మీటర్ల దూరంలో ఉండాలని అక్కడా నియమం ఉంది. కానీ మేత కోసం చేపే మన మీదికి వస్తుంటే ఆ నాలుగు మీటర్లు ఎవరు కొలవాలి? తప్పు ఈతగాళ్లది కాదు, ఆ ఏర్పాటుదే. ఊరూరా తిరగాల్సిన చేపల్లో కొన్ని అక్కడే నెలల తరబడి తిష్ఠ వేస్తున్నాయి. వాటి ఒంటి మీద గాయాల మచ్చలు ఎక్కువని పరిశోధకులు రాశారు.

అలాగని ఓస్లోబ్‌ను తిట్టిపోయలేను. వచ్చే డబ్బులో 60 శాతం జాలర్ల సంఘానికే పోతుంది. మన పర్యాటక స్థలాల్లో స్థానికులకు ఇంత వాటా ఎక్కడైనా దక్కుతోందా? డోన్సోల్‌లో చేపలు ముఖం చాటేసిన ఏళ్లలో గైడ్లు పస్తుల అంచుకు చేరారు. అయినా నా ఓటు డోన్సోల్‌కే. అక్కడ టికెట్టు కొన్నవాడు చేప కోసం కాచుకోవాలి. ఓస్లోబ్‌లో చేప పడవ కోసం కాచుకుంటుంది.

ఓస్లోబ్‌ పడవలను తెడ్లతోనే నడుపుతారు, మోటార్లుండవు. వేలిముద్రల్లా ఏ చేప ఒంటి మీది చుక్కలు దానివే కాబట్టి, ఫొటోలు పోల్చి గుర్తుపట్టవచ్చు. అలా ఓస్లోబ్‌లో మేతకు అలవాటుపడిన కొన్నిటిని ఫిలిప్పీన్స్‌లోనే ఉన్న దక్షిణ లేటే జలాల్లోనూ గుర్తించారు. కానీ అక్కడి పడవలకు మోటార్లుంటాయి.