తొక్కకూడని అడుగు

నాలుగేళ్ల కిందటి సంగతి. పుంగనూరు పక్క ఒక పల్లెలో మతిమరుపు వచ్చిన పెద్దాయన ఒకాయన ఆవులను తోలుకొస్తానని సాయంత్రం గుట్ట ఎక్కాడు. చీకటి పడకముందే ఆవులు దొడ్డికి చేరాయి, ఆయన రాలేదు. కబురు విని మేం వెళ్లేసరికి సగం ఊరు అక్కడే ఉంది. బైకుల లైట్లు, సెల్‌ఫోన్ టార్చీలు, నాలుగు దిక్కులా కేకలు. ఆ గుంపుకు అడ్డంగా ఒక మేకల కాపరి రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు.

“ఈడ తొక్కొద్దప్పా. ఇది చెదిరిందంటే ఇంక యాడని ఎతుకుతాం?”

వంక ఒడ్డున తడి ఇసుకలో ఒక చెప్పు గుర్తు. మడమ ఒక పక్కకు అరిగిన చెప్పు. నా టార్చి అడిగి తీసుకుని, నేలకు ఆనించి పక్కవాటుగా వెలుగు పట్టాడు. అంతవరకూ చదునుగా ఉన్న మట్టిలో అంచుల నీడలు లేచి ఇంకో రెండు అడుగులు కనబడ్డాయి. మడమ నుంచి మడమకు చేతికర్రతో కొలిచి, కర్ర మీద గోరుతో గీటు పెట్టుకున్నాడు. గుర్తు తప్పినచోట కర్ర కొనను చివరి మడమ మీద నిలిపి ముందుకు విల్లులా తిప్పాడు. తర్వాతి అడుగు ఆ వంపులోనే ఎక్కడో ఉండాలి. ఉంది, తంగేడు పొద పక్కన నలిగిన గడ్డిలో. తెల్లారేసరికి పెద్దాయన ఒక బండ కింద ముడుచుకుని కూర్చుని దొరికాడు. రాత్రంతా పేరు పెట్టి అరిచినా పలకలేదు. పలకాలని ఆయనకు తోచలేదు.

ఆ కర్ర మీది గీటు నన్ను వదల్లేదు. అప్పటినుంచి మేం కొందరం నెలకో ఆదివారం కొండ దగ్గర కలిసి వెతకడం సాధన చేస్తున్నాం. కాపరులు, కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు రిటైరైన ఉద్యోగులు. కొత్తవాళ్లకు ముందుగా ఒక లెక్క చెబుతాను. తప్పిపోయిన మనిషి గంటకు 2 కిలోమీటర్లు నడిచాడనుకుందాం. ఏ దిక్కుకు పోయాడో తెలియకపోతే మొదటి గంటకు మనం వెతకాల్సింది 12 చదరపు కిలోమీటర్లకు పైన. రెండో గంటకు అది 50. ఒక్క అడుగుజాడ దక్కితే, అంత వృత్తంలో వెతకాల్సినది ఒక సన్నటి ముక్కకు తగ్గిపోతుంది. అందుకే చివరిసారి కనబడిన చోటును తాడు కట్టి కాపాడటం మా మొదటి పాఠం.

వెతుకులాట ఎంత కష్టమో తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో జాడ తప్పింది. వైమానిక దళం, గ్రేహౌండ్స్, అటవీ సిబ్బంది, అడవి తెలిసిన ఊళ్లవాళ్లు అందరూ కదిలారు. అయినా పావురాలగుట్ట మీద శకలాలు కనబడింది మరునాడు పొద్దునే. వానలో, మబ్బులో అడవి తన లోపలిది అంత తేలిగ్గా చూపదు.

పుంగనూరు, మదనపల్లె, కుప్పం, ఈ మూడు చోట్లకూ ఒకే పద్ధతి పనికిరాదు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైగా ఎత్తు. అక్కడ దారి తప్పేది ఊరివాళ్లు కాదు, ఫొటో కోసం బండల అంచుకు పోయే సందర్శకులు. వాళ్ల దగ్గరికి దిగాలంటే తాడు పని నేర్వాలి. అది ఒక్క ఆదివారంలో వచ్చేది కాదు, రానివాళ్లను అంచుకు పోనివ్వం. కుప్పం వైపు అయితే కౌండిన్య అభయారణ్యం ఏనుగులు. మంద ఎక్కడుందో ట్రాకర్లు చెప్పేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. మిగతాచోట్ల మూడు ఈలలు మా గుర్తు, అక్కడ ఈల కూడా వేయం. పైగా మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అడవిలోంచి 112కు చేసిన ఫోను పొరుగు రాష్ట్రం టవర్ పట్టుకుందంటే, ఎత్తినవాళ్లకు మన వంక పేరు అర్థం కాదు. అందుకే జిల్లా, మండలం, ఊరు ఆ వరసలో చెప్పడం పిల్లలకు బట్టీ పట్టించాం.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ‘ఆపద మిత్ర’లో వాలంటీర్లకు 12 రోజుల శిక్షణ ఇచ్చారు. మంచి పథకం. కానీ దాని మొదటి చూపు వరద మీదే పడింది. కొండపల్లెల కాపరిని పిలిచి, అతనికి వచ్చినది మిగతావాళ్లకు నేర్పించమని అడిగే రోజు కూడా రావాలి. అతనికి హెల్మెట్, తలకు కట్టుకునే లైటు, బీమా, పోయిన కూలి ఇచ్చి మరీ అడగాలి. పిల్లలకు నేర్పాల్సింది కూడా ఉంది. అమెరికాలో 1981లో కాలిఫోర్నియా కొండల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు తప్పిపోయి చనిపోయాక, వెతికినవాళ్లే బడులకు వెళ్లి, దారి తప్పితే ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండమని చెప్పడం మొదలుపెట్టారు. మన బడుల్లో అది చెప్పడానికి పది నిమిషాలు చాలు.

మాలో నా పని చిన్నది. నాకు మోకాళ్ల నొప్పి, పైకి ఎక్కలేను. కొండ కింద నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాను. ఎక్కే ప్రతి ఒక్కరి పేరు, పోయిన వేళ, వచ్చిన వేళ రాస్తాను. వెతకడానికి పోయినవాడు తప్పిపోతే రెండు వెతుకులాటలు అవుతాయి.

ఆ మధ్య ఒక ఆదివారం ఒక పేరు ఎదుట వచ్చిన వేళ ఖాళీగా మిగిలింది. పొద్దు గూకుతోంది, ఫోను కలవడం లేదు. దిగినవాళ్లందరూ నీళ్లు తాగి మళ్లీ ఎక్కారు. ఎనిమిది దాటాక తెలిసింది, కుర్రాడు అవతలి దారిన దిగి బస్సెక్కి ఇంటికి పోయాడని. ఎవరూ అతన్ని తిట్టలేదు. మరుసటి నెల అందరికంటే ముందు వచ్చి, నా పక్కన కూర్చుని, తన పేరు తానే రాసుకున్నాడు. సాయంత్రం చివరిగా దిగినవాడి వేళ నేను రాసేదాకా అక్కడినుంచి లేవలేదు.