యోనా గ్రంథంలో అవిధేయత, కృప: తెలుగు బైబిలు పదాల ఆధారంగా ఒక పరిశీలన

కీలకపదాలు: యోనా, నీనెవె, అవిధేయత, కృప, హెసెద్, అనువాదం

క్రైస్తవ బోధలో అవిధేయత ప్రస్తావనకు రాగానే ఆదాము, తప్పిపోయిన కుమారుడు స్ఫురిస్తారు. ఆ కథల్లో ఆజ్ఞ మీరినవాడెవరో, కరుణించినవాడెవరో తేటతెల్లం. పాత నిబంధనలోని యోనా గ్రంథం ఈ స్పష్టతను చెదరగొడుతుంది. నీనెవెకు వెళ్లమంటే తర్షీషుకు ఓడ ఎక్కిన ప్రవక్త, చేప కడుపులో మూడు దినాలు గడిపి, రెండవ పిలుపుకు లోబడతాడు. ప్రసంగాలలోనూ బాలల పాఠాలలోనూ కథ తరచుగా ఇక్కడే ముగుస్తుంది. గ్రంథంలో మాత్రం అసలు వివాదం ఆ తరువాతనే మొదలవుతుంది. నాలుగవ అధ్యాయంలోని యోనా ఆజ్ఞను నెరవేర్చినవాడు. అయినా దేవునిపై కోపగించి చావు కోరుకుంటాడు. పారిపోయిన యోనా కంటే పని పూర్తిచేసిన యోనాయే దేవునికి ఎక్కువ దూరంగా ఉన్నాడు.

ఈ దూరాన్ని హీబ్రూ మూలం ఒకే పదంతో కొలుస్తుంది. ‘రాఆ’ అనే మాటకు చెడుతనం, ఆపద, బాధ అనే అర్థాలన్నీ ఉన్నాయి. మొదట అది నీనెవె వాసుల దుష్టత్వం. తరువాత నావికుల మీదికి వచ్చిన ఆపద. మూడవ అధ్యాయంలో ప్రజలు విడిచిపెట్టిన చెడు నడత, దేవుడు రప్పించక మానిన కీడు. పట్టణం నుండి తొలగిన ఆ ‘రాఆ’ నాలుగవ అధ్యాయం మొదటి వాక్యంలో యోనాలో తేలుతుంది. ఆపైన, యోనాను అతని ‘రాఆ’ నుండి తప్పించడానికే మొక్క మొలిచిందంటాడు కథకుడు. ఎండ బాధ నుండియా, అతనిలోని చెడుగు నుండియా? హీబ్రూ పాఠకునికి రెండూ వినిపిస్తాయి. బహుళ ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదంలో ఈ పదం సందర్భాన్ని బట్టి దోషం, కీడు, శ్రమ అని విడిపోయింది. ప్రతి మాటా ఆ చోటికి తగినదే. కాని మొక్క దగ్గర ‘శ్రమ’ అనడంతో ఎండ మాత్రమే మిగిలి, ప్రవక్త కూడా నీనెవె వలెనే విడుదల కావలసినవాడన్న సూచన మరుగున పడింది.

యోనా కోపాన్ని సంకుచితత్వమని కొట్టిపారేయడం సులభం, అన్యాయం కూడా. రెండవ రాజుల గ్రంథం అమిత్తయి కుమారుడైన యోనాను రెండవ యరొబాము కాలానికి, అంటే క్రీ.పూ. 8వ శతాబ్దానికి చెందిన ప్రవక్తగా పేర్కొంటుంది. ఆ శతాబ్దంలోనే, క్రీ.పూ. 722 ప్రాంతంలో, అష్షూరు సామ్రాజ్యం షోమ్రోనును కూల్చి ఉత్తర రాజ్యాన్ని తుడిచిపెట్టింది. నీనెవె ఆ సామ్రాజ్యపు మహానగరం. క్రీ.పూ. 612లో అది కూలడం నహూము గ్రంథానికి తీరిన న్యాయం. యోనా గ్రంథం చెరకాలం తరువాతి రచన అని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. అదే నిజమైతే తొలి పాఠకులకు ఈ చరిత్రంతా తెలుసు. క్షమ పొందిన పట్టణమే తమ పూర్వులను చెరపట్టిందని తెలిసి చదివేవారికి యోనా ప్రశ్న మొండితనంగా తోచదు. పీడకునికి దక్కిన కృప పీడితుని లెక్కలో ఏమవుతుంది? గ్రంథం ఈ ప్రశ్నను తప్పించుకోదు, తీర్చనూ తీర్చదు.

తన పలాయనానికి కారణాన్ని యోనా ఇక్కడే వెల్లడిస్తాడు. దేవుడు కనికరించేవాడని ముందే తెలుసు గనుకనే పారిపోయాడట. నిర్గమకాండం 34వ అధ్యాయంలోని దైవగుణ వర్ణననే అతడు ఫిర్యాదుగా అప్పగిస్తాడు. అయితే అక్కడ కృప పక్కన ఉన్న సత్యాన్ని (హీబ్రూలో ‘ఎమెత్’) వదిలి, ఆ చోట కీడు చేయక మానడాన్ని చేరుస్తాడు. అమిత్తయి అనే తండ్రి పేరు ‘ఎమెత్’కు సంబంధించినదే కావడం ఇందులోని వ్యంగ్యం.

‘రాఆ’ విషయంలో నష్టపోయిన తెలుగు, ‘హెసెద్’ విషయంలో గెలిచింది. ఈ పదం గ్రంథంలో రెండే చోట్ల వస్తుంది. చేప కడుపులోని ప్రార్థనలో యోనా, వ్యర్థ దేవతలను నమ్మేవారు తమ హెసెద్‌ను పోగొట్టుకుంటారని అంటాడు. నాలుగవ అధ్యాయంలో అటువంటివారికే అది దక్కినందుకు మండిపడతాడు. తెలుగు రెండు చోట్లా ‘కృప’ను నిలిపింది. పైగా కొత్త నిబంధనలోని ‘ఖరిస్’ కూడా తెలుగులో కృపయే కనుక, నిబంధన బంధంలోని విశ్వాస్యత, అర్హత చూడని అనుగ్రహం అనే రెండు భావాలు ఒకే మాటలో కలిశాయి. వేదాంత దృష్టితో ఈ కలయికను ప్రశ్నించవచ్చు. యోనా కథకు మాత్రం అది మేలే చేసింది. నిబంధన లోపలివారి సొత్తనుకున్న ప్రేమ వెలుపలికి పారడమే కదా అతని బాధ.

క్రైస్తవ పఠనం ఈ వివాదం మీద నిలిచింది తక్కువ. మత్తయి సువార్త మూడు దినాల గుర్తును క్రీస్తు మరణపునరుత్థానాలకు ముడిపెట్టడంతో చూపు చేప వైపు మళ్లింది. రోమా భూగర్భ సమాధుల చిత్రాలలో తీగ కింద మేను వాల్చిన యోనా పరలోక విశ్రాంతికి ప్రతిరూపం. అతని కోపం అక్కడ కనిపించదు. ఆ మొక్క ఏదన్న దానిపైనా పెద్ద రగడే జరిగింది. జెరోము పాత లాటిను పాఠంలోని సొరను ఐవీ తీగగా మార్చినందుకు ఆఫ్రికాలోని ఒక సంఘంలో కలకలం రేగిందని అగస్టీను అతనికి లేఖ రాశాడు. తెలుగు అనువాదకులు సొర పక్షాననే నిలిచారు. తరువాతి కాలంలో యోనాను సంకుచిత యూదునికి నమూనాగా చూసిన క్రైస్తవ వ్యాఖ్యానం మరింత అభ్యంతరకరం. ఈ ఆత్మవిమర్శను రాసుకున్నది ఇశ్రాయేలే. ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్న ఆరాధనలో దీనిని చదువుకునేదీ యూదులే. క్రైస్తవ పాఠకునికి సరైన అద్దం లూకా 15లోని పెద్ద కుమారుడు. ఏనాడూ ఆజ్ఞ మీరలేదన్న అతని మాట అబద్ధం కాదు. విందులోనికి రానివ్వనిది ఆ నిజమే.

చేపను, మొక్కను, పురుగును, తూర్పుగాలిని దేవుడు పంపడానికి హీబ్రూ వాడింది ‘మానా’ అనే ఒకే ధాతువును. రక్షించినదీ నీడనిచ్చినదీ ఎండగట్టినదీ ఒకే సంకల్పమని దాని ధ్వని. తెలుగులో అది నియమించడం, ఏర్పరచడం, రప్పించడం అయింది. చివరి ప్రశ్నలోనూ తేడా ఉంది. లక్షా ఇరవై వేలకు మించిన జనాన్ని తలచిన తరువాత హీబ్రూ వాక్యం పశువుల మాటతో ఆగుతుంది. క్రియను చివర నిలిపే తెలుగు వాక్యం పశువులను దాటి దేవుని విచారం మీద ఆగుతుంది. ఏ భాషలోనూ యోనా జవాబు లేదు. పట్టణానికి తూర్పున, ఎండలో, అతడింకా కూర్చునే ఉన్నాడు.