బట్టకి ఇల్లు కడితే

చీర చూడడం తెలిసినవాళ్ళు కొంగు తిరగేసి చూస్తారు. అసలు పనితనం అటుపక్కే తెలుస్తుంది. అహ్మదాబాదులో కాలికో వస్త్ర ప్రదర్శనశాలకి వెళ్ళినప్పుడు ఆ భవనాన్నీ నేను అలాగే చూశాను.

బట్టల మిల్లు యజమానులైన సారాభాయి కుటుంబం 1949లో పెట్టిన మ్యూజియం అది. మొదట మిల్లు ఆవరణలోనే ఉండేది. 1983లో షాహీబాగ్‌లో వాళ్ళ సొంత తోటలోకి మారింది. దాన్ని తీర్చిదిద్దిన గీరా సారాభాయి అద్దాల మేడ కట్టలేదు. గుజరాత్‌లోని పాత ఇళ్ళనుంచి చెక్కడపు పని చేసిన చెక్క ముఖభాగాలు తెప్పించి, ఇటుక గోడలకి అమర్చారు. చుట్టూ చెట్లు.

లోపల అడుగుపెడితే మసకచీకటి. ఇంత దూరం వచ్చింది తడుముకోడానికా అని ముందు విసుగేసింది. మా అమ్మ పట్టుచీరలు పాత పంచెలో చుట్టి భోషాణంలో దాచేది కదా, ఆ మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. వెలుగు పడితే పాత రంగులు వెలిసిపోతాయి. కళ్ళు అలవాటు పడ్డాక మన కోరమండల్ తీరపు కలంకారీ కనిపించింది. చిరివేరు ఎరుపు! ఆ చీకట్లో దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇది మాత్రం బట్ట మనసెరిగి కట్టిన ఇల్లే.

కానీ తిరగేసి చూస్తే? చెక్కడాల హవేలీ ఎవరిల్లండీ? కలిగినవాళ్ళది, బట్ట అమ్ముకున్న షావుకారుది. నేసినవాళ్ళ ఇల్లు అలా ఉండదు. అక్కడ ముందు మగ్గం గుంట, ఆ తరవాతే మనుషులకి చోటు. ఓ మూల ఆడవాళ్ళు కండెలు చుడుతుంటారు. పడుగు సాగదీయడానికి ఇల్లు చాలక వీధిలోకి రావాలి. మంగళగిరిలో చిన్నప్పుడు ఆ పడుగు కింద నుంచి దూరి వెళ్ళి తిట్లు తిన్నదాన్ని నేను. చేనేతని వెనక్కి నెట్టింది మిల్లు బట్ట. ఆ మిల్లు డబ్బుతోనే చేనేత బట్టకి ఇంత అందమైన గూడు కట్టారు. కట్టినందుకు దణ్ణం పెడతాను. అయినా నేతగాడి గడప ఆ ముఖద్వారంలో లేదన్న వెలితి నన్ను వదల్లేదు.

నన్ను గీయమంటే మొదటి గీత పడుగు పొడవునా గీస్తాను. అంత పొడుగు వసారా, రెండు పక్కలా గదులు, మధ్యలో గుంట మగ్గం. ఇంటికొచ్చి కాగితం మీద గీసి మావారికి చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చూసి, "బాగానే ఉంది, ఇంత వసారా ఊడ్చేదెవరు?" అన్నారు.