గుంపు కట్టని గుంపు

అక్వేరియం దుకాణంలో బేరం తరచూ మిఠాయి కొట్టులో బేరంలాగే సాగుతుంది. ఎర్రవి రెండు, నీలం చారవి రెండు, చారల చారలవి ఒక జత, పిల్లవాడు ముచ్చటపడ్డాడని ఇంకేదో ఒకటి. అన్నీ కలిపి ఒక కవరులో వేసి, గాలి ఊది, రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు. ఇంటికొచ్చిన వారానికి ఒకటి ఫిల్టరు వెనక నక్కుతుంది, ఇంకొకటి కనిపించిన ప్రతిదాన్నీ తరుముతుంది, రంగు చూసి కొన్నది కాస్తా వెలిసిపోయి ఉంటుంది. నీళ్లు బాగాలేవేమోనని మార్చేస్తారు, మందు పోస్తారు. చాలాసార్లు తప్పు నీళ్లలో ఉండదు, లెక్కలో ఉంటుంది. నియాన్ టెట్రా, జీబ్రా డానియో, రాస్బోరా వంటి చిన్న గుంపు చేపల విషయంలో మనం పెంచేది చేపను కాదు, గుంపును. తొట్టి కొలత, మేత, వెలుతురు, చివరికి ఏ రకం కొనాలన్నది కూడా అక్కడినుంచే తేలుతాయి.

గుంపు ఎందుకన్నదానికి మంచి జవాబు చెరువు గట్టుమీద దొరికింది. డబ్ల్యు. డి. హామిల్టన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1971లో ఒక ఊహాచిత్రం గీశాడు. గుండ్రటి చెరువు గట్టున కప్పలు కూర్చున్నాయి, నీళ్లలోంచి పాము లేచి దగ్గరున్నదాన్ని పట్టుకుంటుంది. ప్రతి కప్పా తనకూ పాముకూ మధ్య ఇంకొకటి ఉండేలా జరుగుతుంది. అలా జరిగి జరిగి, ఎవరూ కూడబలుక్కోకుండానే, కప్పలన్నీ కుప్పగా చేరతాయి. స్నేహం అక్కర్లేదు, ప్రాణభయం చాలు. చేపల్లో దీనికి తోడు శరీరంలోనే ఏర్పాట్లున్నాయి. పక్కల వెంట సాగే పార్శ్వరేఖ నీటి కదలికను పసిగడుతుంది. 1980లో పార్ట్రిడ్జ్, పిచర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక రకం సముద్ర చేపల కళ్లకు గంతలు కడితే, అవి అప్పుడు కూడా తోటి చేపలతో వరుస తప్పకుండా ఈదాయి. తేనెటీగల నాట్యభాషను విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లోనే ఇంకో సంగతి కనిపెట్టాడు. గాయపడిన చేప చర్మం నుంచి నీళ్లలోకి ఒక రసాయనం విడుదలవుతుంది, దాని వాసన తగలగానే మిగతావన్నీ బెదిరిపోతాయి. జీబ్రా డానియోలోనూ ఈ ఏర్పాటు ఉంది. అంటే ఈ చేపకు కన్నూ ముక్కూ చర్మమూ అన్నీ పక్కన ఇంకొకటి ఉంటుందన్న నమ్మకం మీదే అమరాయి. దాన్ని ఒంటరిగా పెట్టడమంటే చిన్న ఇంట్లో పెట్టడం కాదు, సగం ఇంద్రియాలకు పనిలేకుండా చేయడం.

ఇక్కడే చూసేవాడి ముచ్చటకూ చేప సుఖానికీ మధ్య ఒక చిక్కు ఉంది, ఎందుకో దాన్ని ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అక్వేరియం కొనేవాడు కోరుకునే దృశ్యం నీలం చారలన్నీ ఒక్క రిబ్బనులా బిగిసి, ఒకేసారి తిరిగి, ఒకేసారి మెరవడం. కానీ గుంపు అంత బిగిసేది బెదిరినప్పుడే. కొత్త తొట్టిలో దింపిన మొదటి రోజుల్లో ఆ దృశ్యం చక్కగా కనిపిస్తుంది. చుట్టాలు వచ్చి చూసి ఆహా అంటారు. కుదురుకున్నాక గుంపు వదులవుతుంది. ఒకటి ఆకు కింద, రెండు అద్దం దగ్గర, నాలుగు మధ్యలో ఉంటాయి. కలిసే ఉంటాయి గానీ అతుక్కుని ఉండవు. కలిసి తిరగడం వేరు, బిగుసుకుపోవడం వేరు. ఇంటి తొట్లలో సాధారణంగా పెంచే నాలుగు జాతులను ఒకటి, రెండు, ఐదు, పది చొప్పున ఉంచి గమనించిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. నియాన్ టెట్రాల వంటి గుంపు చేపలు సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువసేపు కలిసి తిరిగాయి. బెదిరి దూసుకుపోవడం, ఒకదాన్నొకటి పొడవడం మాత్రం తగ్గాయి. కాబట్టి పదింటిని పెట్టేది అవి సైన్యంలా కవాతు చేస్తాయని కాదు, కవాతు చేయాల్సిన అవసరం వాటికి రాకుండా ఉండాలని.

దుకాణదారు చెప్పే ఆరు అన్న లెక్క అందుకే నాకు అంతగా రుచించదు. ఆరు ఉంటే ఒకటి చనిపోయాక ఐదు, ఇంకొకటి పోయాక నాలుగు. అక్కడినుంచి గుంపు గుంపు కాదు. జీబ్రా డానియోల్లో పెత్తనం చెలాయించే అలవాటు గట్టిగా ఉంటుంది. రెండే ఉంటే బలమైనది రెండోదాన్ని మూలకు నెట్టి మేత తిననివ్వదు, పది ఉంటే అదే దురుసు పది చోట్లకు చెదిరిపోయి ఏ ఒక్కదానికీ ప్రాణాంతకం కాదు. పది పెడితే నీళ్లు పాడవవా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, కానీ తలలు లెక్కపెడితే జవాబు దొరకదు, ఒళ్లు లెక్కపెట్టాలి. మూడు సెంటీమీటర్ల నియాన్‌లు పది కలిపినా చెయ్యంత గోల్డ్‌ఫిష్ ఒక్కదాని బరువుకు తూగవు. పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్ల తొట్టిలో కొలతకు 54 లీటర్లు పడతాయి, గులకరాళ్లూ పైన వదిలే ఖాళీ పోను 45 దాకా మిగులుతాయి. పది పన్నెండు చిన్న చేపలకు అది చాలు. అవే లీటర్లను నిలువుగా, స్తంభంలా కట్టిన తొట్టిలో పోస్తే చాలవు. గుంపు అడ్డంగా ఈదుతుంది, దానికి కావలసింది లోతు కాదు, పరుగు. బల్లమీద పెట్టుకునే గుండ్రటి గాజు గిన్నె సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

అయితే పదింటినీ ఒకేసారి దింపాలంటే తొట్టి ముందే సిద్ధంగా ఉండాలి, ఈ విద్యలో అసలు ఓపిక అక్కడ కావాలి. చేప వదిలే అమోనియా విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును చాలా తక్కువ హాని చేసే నైట్రేటుగా మారుస్తాయి. ఈ కాపురం ఫిల్టరు స్పాంజిలోనూ రాళ్లమీదా కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకోవడం లాంటిదే ఇది కూడా. చేపలు లేకుండానే చిటికెడు మేత వేస్తూ, నీటిని పరీక్ష కిట్‌తో చూసుకుంటూ, అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే గుంపును తేవాలి. పాత తొట్టి స్పాంజి ముక్క ఒకటి దొరికితే ఆ గడువు బాగా తగ్గుతుంది, తోడు వేసినట్టే. మనకు ఇందులో ఒక అదనపు ముప్పు ఉంది. నీటి క్షారగుణమూ వేడీ పెరిగేకొద్దీ అదే అమోనియాలో విషపు వాటా పెరుగుతుంది. ఎండాకాలం బోరునీళ్లలో రెండూ ఎక్కువే. వారానికోసారి పావు వంతు నీళ్లు సైఫన్ గొట్టంతో తీసి కొత్తవి పోయడం, కుళాయి నీళ్లయితే హైపోతో క్లోరిన్ తీయడం, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాక తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండడం మామూలు పనులు. ఆ చివరిది తెలియక వారాలపాటు తోడుకున్నదాన్ని ఒక్క పూటలో కడిగేసేవాళ్లు చాలామంది.

ఏ చేప అన్న ప్రశ్నకు అలవాటుగా వచ్చే జవాబు నియాన్ టెట్రా. ఆ అభిమానానికి చరిత్ర ఉంది. అగస్ట్ రబౌ అనే ఫ్రెంచివాడు 1934లో ఎగువ అమెజాన్ ప్రాంతంలో దీన్ని పట్టాడు, 1936లో జార్జ్ మైయర్స్ శాస్త్రీయంగా వర్ణించి, అమెరికాలో అక్వేరియం పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న విలియం ఇన్నెస్ పేరు పెట్టాడు. దాని సొంత నీళ్లు కుళ్లిన ఆకుల కషాయంలా మెత్తగా, కాస్త ఆమ్లంగా ఉంటాయి. ఇప్పుడు దుకాణాల్లో కనిపించేవి చాలామటుకు ఆసియా ఫారాల్లో పుట్టినవి కనుక కొంత కఠిన జలాన్ని ఓర్చుకుంటాయి, కానీ 28 డిగ్రీలు దాటిన నీళ్లలో ఎక్కువకాలం నిలవవు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆ చేపను పెట్టడం చేపకూ శిక్షే, మనిషికీ శిక్షే. నీటిమీద చిన్న ఫ్యాను పెడితే ఆవిరితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. పొడి వేడి ఉన్న రాయలసీమ, తెలంగాణల్లో అది బాగా పనిచేస్తుంది, ఉక్కపోత కోస్తాలో అంతగా చేయదు. తెలుగింటికి నేను ముందుగా చెప్పేది జీబ్రా డానియోనే. ఇది మన ఉపఖండపు చేప. 1822లో గంగానది చేపలమీద పుస్తకం ప్రచురించిన ఫ్రాన్సిస్ హామిల్టన్, అంటే ఇంకో హామిల్టన్, దీన్ని మొదట వర్ణించాడు. కఠిన జలం, వేడి, కొత్త చేతి పొరపాట్లు, అన్నింటినీ ఓర్చుకుంటుంది. జన్యుశాస్త్ర ప్రయోగశాలలు ప్రపంచమంతటా దీన్ని ఎంచుకోవడానికి ఆ ఓర్పు కూడా ఒక కారణం. తొట్టికి మూత మాత్రం తప్పనిసరి, ఎగిరి దూకుతుంది. ఇంకాస్త ఇంటిపట్టున వెతికితే పరిగెలున్నాయి. మనం బుడ్డపరకలు, పరిగెలు అని పులుసు పెట్టుకునే చేపల దగ్గరి చుట్టాలే రోజీ బార్బ్, టిక్టో బార్బ్ పేర్లతో విదేశాల్లో అద్దాల తొట్ల అలంకారం. ఇంట్లో పులుసు, పొరుగున ప్రదర్శన!

ఒకే రకం పన్నెండు పెడితే విసుగు పుట్టదా అన్నది రెండో అభ్యంతరం. ఒక్కో రకం ఒక్కొక్కటి పెట్టిన తొట్టిలో వైవిధ్యం ఉండేది పేర్ల పట్టికలోనే. ప్రవర్తనలో అన్నీ ఒకటే, దాక్కోవడం. గుంపుగా ఉన్నప్పుడే మగవి రెక్కలు విప్పి ఒకదానిముందు ఒకటి పోజు పెట్టడం, పొద్దున్నే ఆడవాటిని తరమడం, గుడ్లు రాళ్లమధ్య రాల్చి, మరుక్షణమే వెతికి వెతికి తినేయడం వంటివన్నీ చూడగలం. జపాన్‌కు చెందిన తకాషి అమానో ప్రకృతి అక్వేరియం అనే శైలిని నిలబెట్టినప్పుడు చేసింది ఇదే. రాయి, దుంగ, గడ్డి, వాటిమధ్య ఒకటి రెండు చిన్న జాతులు పెద్ద సంఖ్యలో. ఆయన చివరి పెద్ద పని, 2015లో లిస్బన్ అక్వేరియంలో తెరిచిన 40 మీటర్ల తొట్టి, 1,60,000 లీటర్లది. అంత చోటు ఉన్నా ఆయన ఆధారపడింది వేలు పొడవైనా లేని చేపల గుంపులమీదే.

మూడో అభ్యంతరం బరువైనది. నదిలో వేలల్లో తిరిగే జీవిని పట్టి తెచ్చి పదింటిని అద్దంలో పెట్టడమే తప్పు కాదా? దీనికి ఒకే జవాబు లేదు, చేపనుబట్టి మారుతుంది. నియాన్‌కు దగ్గరి బంధువైన కార్డినల్ టెట్రా బ్రెజిల్‌లోని రియో నీగ్రో ఉపనదుల్లో చేతివలలతో పట్టే చేప. బార్సెలోస్ పట్టణం చుట్టుపక్కల ఊళ్లకు అదొక ముఖ్య జీవనాధారం. వరద తగ్గినప్పుడు ఎండిపోయే మడుగుల్లో ఎటూ లెక్కలేనన్ని చనిపోతాయి. చేప అమ్ముడైనంతకాలం అడవిని నరికి పశువులమేతకు మార్చాలన్న ఒత్తిడి తగ్గుతుందన్న వాదనతోనే 1989 నుంచి అక్కడ పియాబా ప్రాజెక్టు నడుస్తోంది. దీనికి సరిగ్గా ఎదురైన కథ మన పడమటి కనుమల్లోది. మిస్ కేరళ అని పిలిచే డెనిసన్ బార్బ్ కొద్ది నదులకే పరిమితం, అంతరించే ప్రమాదమున్న జాతి. ఎగుమతి మోజు పెరిగి అడ్డూ అదుపూ లేకుండా పట్టడంతో కేరళ ప్రభుత్వం 2008లో ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. పైగా అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇంటి తొట్టికి తగదు. కాబట్టి కొనేముందు ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది ఫారంలో పుట్టిందా, ఏటిలో పట్టిందా అన్నది. జీబ్రా డానియో విషయంలో చాలావరకు ఆ దిగులు లేదు, తరతరాలుగా తొట్లలోనే పుడుతోంది.

కొనడం కూడా గుంపుగానే, ఒకే తొట్టినుంచి, వీలైతే దుకాణానికి వచ్చి వారమైనా అయినవాటిని కొనాలి. ఆ తొట్టిలో ఒక్కటి నీరసంగా, విడిగా, వెలిసిన మచ్చతో కనిపించినా మొత్తం వదిలేయడం మేలు. నియాన్‌లకు వచ్చే ప్లీస్టోఫోరా జబ్బుకు నమ్మదగ్గ మందు లేదు. కొత్త గుంపును రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి, తర్వాతే అసలు తొట్టిలోకి పంపాలి. మేత రెండు పూటలా, రెండు నిమిషాల్లో అయిపోయేంత. దీపం రోజుకు ఎనిమిది గంటలు, వెనక ముదురు రంగు కాగితం, అక్కడక్కడా నీడ. రాత్రి చీకట్లో నియాన్ నీలం చార ఊదాగా, మసకగా మారుతుంది. అది రంగు కాదు, చర్మకణాల్లోని పలకలు వెలుతురును వెనక్కి పంపే తీరు. పొద్దున లైటు వేయగానే వెలిసినట్టు కనిపిస్తే కంగారుపడక కాసేపు ఆగాలి.

గుంపు కుదురుకుందో లేదో చూడటానికి పరికరాలు అక్కర్లేదు. తొట్టి పక్కనుంచి మామూలుగా నడిచిపోవాలి. చేపలన్నీ ఒక్కసారిగా దగ్గరకు చేరతాయి, అది సహజం. అవి మళ్లీ వదులుగా విడిపోవడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. మొదటి వారం అరగంట పట్టవచ్చు, రెండు నెలలకు పది సెకన్లు. ఇంకొన్నాళ్లకు చెయ్యి మూతమీదకు వెళ్లగానే చెదిరిపోవడానికి బదులు, మేత కోసం పైకి వస్తాయి, ఒక్కొక్కటే, విడివిడిగా.