మిద్దె మీద కోడి

మొన్న శుక్రవారం ఆదోనిలో మా వదిన వాళ్ళింటికి పోతే, మిద్దె మీద మండుటెండలో స్టీలు బేసిను, అందులో నల్ల కవరు, కవర్లో రాయిలా గడ్డకట్టిన కిలో కోడి. "గంటలో కరిగిపోతుంది, నువ్వు కూచో" అంది. కూర్చోబుద్ధి కాలేదు.

ఫ్రిజ్ మీద నా అక్కసు ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. అయితే మంత్రాలయం పక్కనున్న మా ఊళ్ళలో గడ్డకట్టిన కోడికి ఓ కారణముంది. రాఘవేంద్రస్వామి వారమని గురువారం నీసు ముట్టని ఇళ్ళు ఇక్కడ బోలెడు. బుధవారం వస్తామన్న చుట్టాలు రాకపోతే, తెచ్చిన కోడి శుక్రవారం దాకా ఫ్రీజర్లో పడుండాల్సిందే.

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో ఈ గొడవే లేదు. చుట్టాలు దిగాకే పెరట్లో పుంజును తరిమేవాళ్ళం. అది గోడెక్కేది, గడ్డివామి కింద దూరేది, మగ్గం గుంతలో పడేది. మోకాళ్ళు గీరుకుపోయాక గానీ దొరికేది కాదు. ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయేది. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగేలోపు అవ్వ మసాలా నూరేసేది. రొట్టెలు తట్టడం అయ్యేసరికి కూర ఉడుకుపట్టేది. కోతకూ పొయ్యికీ మధ్య సూక్ష్మజీవికి సందే దొరికేది కాదు.

ఫ్రీజర్ వాటిని చంపదు, నిద్రపుచ్చుతుంది, అంతే. మిద్దె మీది కవరు విప్పి చూస్తే తోలు అప్పటికే మెత్తబడి జారుతోంది, తొడ ఎముక దగ్గర ఇంకా మంచే. లోపల కరిగేదాకా ఆగితే పైపొర ఎండకు కాగుతూనే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులకు పండగే. "ఎట్లాగూ ఉడికిస్తాం కదా" అంటారు. లోపలిదాకా 74 డిగ్రీలు తగిలితే సాల్మొనెల్లా చస్తుంది, నిజమే. కానీ స్టెఫిలోకాకస్ వదిలిపెట్టిన విషం ఉడికినా పోదు. ఆ ఎర్రనీళ్ళు పక్కనున్న కొత్తిమీర మీద చిందితే దాన్ని ఉడికించేదెవరు?

కాబట్టి అప్పటికప్పుడు కోసిందే తినండి అని రాయబోయాను. ఆదివారం పదకొండు గంటలప్పటి కోళ్ళ అంగడి గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అది అవ్వ పెరడు కాదు. మే ఎండలో, మొద్దు మీద నరికిన కుప్ప, అన్నిటికీ ఒకే బకెట్ నీళ్ళు. కవరును బండికి తగిలించుకుని, కూరగాయలు బేరమాడి, దారిలో ఇద్దరిని పలకరించి ఇంటికి చేరతాం. 32 డిగ్రీలు దాటితే పచ్చిమాంసం గంటకు మించి బయట ఉండకూడదు. దానికంటే తేగానే గడ్డకట్టించి, ముందురోజే ఫ్రిజ్ కింది అరలో, గిన్నెలో పెట్టి కరిగించిన కోడే నయం. ఫ్రిజ్‌ను వెనకేసుకొస్తున్నానని నవ్వుకోండి.

రేపెవరొస్తారో ఇవాళే ఎట్లా తెలుస్తుందంటారా? నీళ్ళు చొరని కవర్లో కట్టి చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చి, కరగ్గానే వండేయాలి. మా ఆదోనిలో మే నెల ట్యాంకు నీళ్ళను చన్నీళ్ళనడం కష్టం; ఐసుముక్కలు వేసుకోవాలి. అదీ కుదరకపోతే కరిగించకుండానే పులుసులో వేయొచ్చు, మామూలు కంటే ఒకటిన్నర రెట్ల సేపు ఉడకాలి. అందుకే ఫ్రీజర్లో పెట్టేటప్పుడే ముద్దగా కాకుండా, అరకిలో చొప్పున కవర్లలో పలచగా పరవాలి. వేపుడు కావాలంటే మాత్రం ముందురోజే దించాలి. మంచుముక్క బాణలిలో నీళ్ళూరుతుంది, ఉప్పూ కారం పట్టవు.