రేకు మోగకుండా

డోర్ ప్యాడ్ విప్పేసిన కారు తలుపు మీద వేలి మెటికతో ఒక్కటి కొట్టండి. ఖంగుమంటుంది. ఆ మోత రేకులో కాసేపు నిలబడుతుంది. అదే చోట అరచెయ్యంత బ్యూటైల్ షీటు అంటించి మళ్ళీ కొడితే టప్పుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. కారు యాక్సెసరీల దుకాణాల్లో ‘డ్యాంపింగ్’ అని పిలిచే పనికి మూలం ఈ తేడాయే. ఇది చూసినవాళ్ళకు వెంటనే నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకంతోనే చాలామంది షీటు ఎంత ఎక్కువ అంటిస్తే కారు అంత నిశ్శబ్దమవుతుందనుకుని డబ్బు పోస్తారు. కారులోకి వచ్చే చప్పుడు ఒక్క రకం కాదు, ఒక్క దారిన రాదు. ఏది ఏ దారిన వస్తోందో పట్టుకున్నాకే షీటుకు కత్తెర పెట్టాలి. ఈ విద్యలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఆ వెతుకులాటనే.

ఈ కాలపు కారు తలుపు పైరేకు మందం ఇంచుమించు 0.7 మిల్లీమీటర్లు. మైలేజీ కోసం బరువు తగ్గించాలి కాబట్టి కంపెనీలు అంతకన్నా మందం పెట్టడానికి వెనకాడతాయి. పలచగా, వెడల్పుగా, మధ్యలో ఆసరా లేకుండా ఉన్న రేకు దేనికైనా మోగుతుంది: రోడ్డు కుదుపుకు, ఇంజిన్ వణుకుకు, ఆఖరికి తలుపులోనే ఉన్న స్పీకరుకు. ఆ వణుకు చావాలంటే దానిలోని శక్తి ఎక్కడికో పోవాలి. బ్యూటైల్ రబ్బరు దానికి దారి చూపిస్తుంది. సాగదీస్తే అది పూర్తిగా వెనక్కి రాదు, అలాగని జారిపోనూ పోదు. రేకు వంగినప్పుడల్లా తానూ సాగి, ఆ సాగడంలోనే వణుకును వేడిగా మార్చేస్తుంది. ఆ వేడి చేతికి తెలిసేంత కాదు గానీ మోత మాత్రం పోతుంది.

రేకు వణుకును పూతతో అణచవచ్చన్నది పాత ఆలోచనే. తారు పట్టించిన ఫెల్టును కార్ల తయారీలో ఏళ్ళ తరబడి వాడారు. దీనికి సరైన లెక్క కట్టినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఒబెర్‌స్ట్. పలచటి రేకుకు గట్టిగా అతుక్కున్న పూత దాని వణుకును ఎలా తగ్గిస్తుందో ఆయన 1952లో వివరించాడు. ఆయన పేరుతో ఉన్న పట్టీ పరీక్షను పరిశ్రమలో ఇప్పటికీ చేస్తారు. ఆ పద్ధతిలో పూత బాగా మందంగా ఉంటేనే ఫలితం. 1959లో అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ ఇంకో మెట్టు ఎక్కాడు. మెత్తటి పూత మీద సులువుగా సాగని పలచటి పొర ఒకటి అంటిస్తే ఏమవుతుందో ఆయన లెక్కగట్టి చూపించాడు. కింద రేకు, పైన ఆ పొర, మధ్యలో ఇరుక్కున్న మెత్తటి పదార్థం. రేకు వంగినప్పుడు మధ్య పొర పక్కలకు నలుగుతుంది, ఆ నలగడంలో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. తక్కువ మందంతో ఎక్కువ పని అన్నమాట. షీటు మీద తళతళలాడే అల్యూమినియం ఫాయిల్ అందానికనో, ఎండ వేడి ఆపడానికనో చాలామంది అనుకుంటారు. అది కెర్విన్ చెప్పిన పైపొర. అందుకే షీటు కొనేటప్పుడు రబ్బరు మందమొక్కటే కాదు, ఫాయిల్ మందమూ అడగాలి. మంచి షీట్లలో అది 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. గోరు తగిలితే చిరిగే ఫాయిల్ ఉన్న షీటును అక్కడే వదిలేయడం మేలు.

బ్యూటైల్ రబ్బరు పుట్టింది 1937లో, అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ ప్రయోగశాలలో. లారీ ట్యూబుల్లో గాలి నిలబెట్టేది ఈ రబ్బరే కాబట్టి మనకు పాత చుట్టమే. దీనికంటే చవకగా తారు షీట్లు కూడా దొరుకుతాయి. ఫ్యాక్టరీలో ఫ్లోరు మీద పరిచి, పెయింటు ఓవెన్ వేడికి కరిగించి అంటించే తారు షీట్లను నేను తప్పుపట్టను, అవి రేకులో కలిసిపోయి బండి ఉన్నంతకాలం ఉంటాయి. తర్వాత బజారులో కొని తలుపుల్లో, రూఫులో అంటించే తారు సంగతి వేరు. రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో అది మెత్తబడి వాసన కొడుతుంది, నిలువు రేకు మీద నుంచి మెల్లగా జారుతుంది. మన వాతావరణంలో ఈ ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు.

ఇక వెతుకులాట. ఖాళీగా ఉన్న మంచి రోడ్డు మీద ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక సీట్లో కూర్చుని చెవిపెట్టాలి. నడిపేవాళ్ళ దృష్టి రోడ్డు మీద ఉంటుంది, వాళ్ళు సరిగా వినలేరు. వేగం మారకుండా గేరు మార్చినప్పుడు చప్పుడు మారితే అది ఇంజిన్‌ది, లేదా సైలెన్సర్‌ది. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే మారితే అది టైర్లది. రోడ్డు ఏదైనా వేగంతోపాటే పెరుగుతూ, ఎదురుగాలికి ఇంకా ఎక్కువైతే అది గాలిది. గాలి చప్పుడు వేగంతో మామూలుగా పెరగదు, దాదాపు ఆరో ఘాతంలో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే 18 డెసిబెల్స్ దాకా. ఊళ్ళో వినపడని చప్పుడు హైవే ఎక్కగానే చెవి పక్కన కూర్చోవడానికి కారణం ఇదే. టైరు లోపలి గాలి కూడా ఒక స్థాయిలో మోగుతుంది. 200 నుంచి 250 హెర్ట్జ్ ప్రాంతంలో వినపడే ఆ గుంయ్‌మనే శబ్దం కోసమే కొన్ని టైర్లలో లోపల ఫోమ్ అంటించి అమ్ముతున్నారు.

ఈ పరీక్ష చెయ్యకుండా తలుపులకు షీట్లు వేయించుకుంటే అసలు దోషం అలాగే ఉండిపోతుంది. వీల్ బేరింగ్ అరిగినా, టైరు మెట్లుమెట్లుగా తిన్నా, ఏ షీటూ దాన్ని ఆపలేదు. 1989లో టయోటా లెక్సస్ ఎల్‌ఎస్ 400ను తెచ్చినప్పుడు చీఫ్ ఇంజినీర్ ఇచిరో సుజుకి పట్టుబట్టింది దీని మీదే: చప్పుడు పుట్టాక కప్పడం కాదు, పుట్టేచోటే ఆపాలని. ఆ కారులో ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడను రెండు రేకుల నడుమ మెత్తటి పొర పెట్టిన ఉక్కుతో చేశారు. కెర్విన్ సూత్రాన్ని ఉక్కులోనే ఇమిడ్చారన్నమాట.

గాలి చప్పుడుకు మందు బీడింగులో ఉంటుంది. తలుపు సందులో ఒక కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగుంది. తేలిగ్గా జారివస్తే అక్కడ గాలి దూరుతోంది. చుట్టూ జానెడు దూరానికొకసారి ఇలా చూస్తే బీడింగు ఎక్కడ చచ్చిందో తెలిసిపోతుంది. సందుల విషయంలో శబ్దానికి దయాదాక్షిణ్యాలు లేవు. గోడ ఎంత గట్టిదైనా, దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. వైర్లు దూరే రంధ్రాల్లో రబ్బరు బిరడాలు ఊడిపోయి ఉంటే వేల రూపాయల షీట్లకు ముందు వాటిని పెట్టించాలి.

బయటి చప్పుడు రేకును దాటి రాకుండా అడ్డుకోవడం డ్యాంపింగ్ పని కాదు. దానికి బరువు కావాలి. అడ్డుపొర బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం దక్కేది సుమారు 6 డెసిబెల్స్. చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే 10 కావాలి. రోల్స్ రాయిస్ 2020లో తెచ్చిన ఘోస్ట్ కారులో 100 కిలోలకు పైగా శబ్దాన్ని అణచే పదార్థాలే వాడినట్టు ఆ కంపెనీ చెప్పింది. 900 కిలోల చిన్న కారుకు ఆ దారి మూసుకున్నట్టే. అందుకే చిన్న కారులో బరువైన వినైల్ పొరను ఫ్లోరు మీద, వెనక చక్రాల గూళ్ళ మీద మాత్రమే వెయ్యడం తెలివైన పని. టైర్ల చప్పుడు ఎక్కువగా దూరేది అక్కడే. ఆ వినైల్ కూడా రేకుకు నేరుగా తగలకూడదు. మధ్యలో నీరు పీల్చని ఫోమ్ ఉండాలి, లేకపోతే రేకు వణుకు అందులోకి పాకుతుంది.

మంచి చేతివాటం కనపడేది తలుపు పనిలో. బ్యాటరీ వైరు తీసి, స్క్రూలు విప్పి, క్లిప్పులు విరగకుండా ఒక్కొక్కటే ప్లాస్టిక్ పట్టీతో లేపి ప్యాడ్ తీస్తారు. వెనక ప్లాస్టిక్ పొర ఉంటుంది, నీళ్ళు ప్యాడ్‌కు తగలకుండా. దాన్ని మెల్లగా ఒలిచి, లోపలి దుమ్మూ జిడ్డూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. తుడిచిన గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆగని పనివాణ్ణి నమ్మవచ్చు. షీటు కత్తిరించి పైరేకు మధ్య భాగంలో అంటించి, ఉక్కు రోలరుతో నొక్కుతూ పోతారు. ఫాయిల్ మీద అచ్చు గీతలు ఉంటాయి. అవి చదునయ్యేదాకా నొక్కితేనే షీటు పట్టినట్టు. గాలి బుడగ మిగిలిన చోట షీటు ఉన్నా లేనట్టే. రేకు మోత ఆపడానికి దాని వైశాల్యంలో పావు వంతు, కొంచెం ఎక్కువైతే మూడో వంతు కప్పితే చాలు. నూటికి నూరు కప్పితే బరువు పెరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, చెవికి తేడా మాత్రం పెద్దగా రాదు. 2 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుందని గుర్తుపెట్టుకోవాలి.

లోపలి రేకుకు ఉన్న పెద్ద రంధ్రాలు మూస్తే ఇంకో లాభం. స్పీకరు ముందు వైపు శబ్దమూ వెనక వైపు శబ్దమూ కలిసి ఒకదాన్నొకటి తినేయడం తగ్గి, డోలు మోత, మృదంగం తొప్పి నిండుగా వినపడతాయి. పాటల పిచ్చి ఉన్నవాళ్ళు ఈ పనికి ముందు ఎగబడింది అందుకే.

వాన చప్పుడుకు రూఫులో నాలుగు షీటు ముక్కలు వేస్తే బాగా తగ్గుతుంది. అక్కడ బరువు పెంచకూడదు, తేలికపాటివే వాడాలి. ప్యాడ్‌ల వెనక, డిక్కీ పక్కల్లో మిగిలే ఖాళీల్లో పాలియెస్టర్ దూది పెడతారు. వాడిపడేసిన బట్టల పీచుతో చేసిన ఫెల్టును కార్ల కంపెనీలు కూడా వాడతాయి. గాలిలో తిరిగే సన్నటి చప్పుళ్ళను అవి పీలుస్తాయి. మామూలు స్పాంజి మాత్రం తలుపులో పెట్టనివ్వకండి. నీరు పీల్చుకుని రేకుకు తుప్పు అంటిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఆ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది.

ఇంతా చేశాక ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే కొద్ది అంకెల తేడానే కనపడి కొందరు నిరాశపడతారు. ఆ యాప్‌లు సాధారణంగా చూపించే లెక్క లోతు శబ్దాలను తక్కువగా చూపిస్తుంది. గంటలకొద్దీ తలను బరువెక్కించేది మాత్రం ఆ లోతు హోరే. పైగా 3 డెసిబెల్స్ తగ్గడమంటే శబ్దశక్తి సగమవడం. నా దృష్టిలో అసలు కొలత వేరే ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా వెనక సీట్లో అమ్మమ్మో తాతయ్యో కూర్చుంటే, ముందువాళ్ళ మాట వాళ్ళకు అందుతోందా? హల్లులే మాటకు అంచులు, హోరులో ముందు మునిగేవి అవే. వినికిడి తగ్గినవాళ్ళు కారులో మౌనంగా కూర్చోవడం మనం అలసట అనుకుంటాం. చాలాసార్లు వాళ్ళకు మాట వినపడక ఊరుకుంటారు. ఈ పనికి పెట్టే డబ్బు వాళ్ళ కోసమైతే నేను రెండో ఆలోచన చెయ్యను. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ అవసరం పెరిగింది కూడా. ఇంజిన్ హోరు పోయి, అది ఇన్నాళ్ళూ కప్పి ఉంచిన టైర్ల చప్పుడు బయటపడింది.

పని పూర్తయ్యాక బండి తీసుకునే ముందు అన్ని అద్దాలూ ఎక్కించి దించి చూడండి, లోపల షీటు అంచు అద్దానికి రాసుకోకూడదు. లాకులు, స్పీకర్లు, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం సరిగా ఉన్నాయో చూడండి. ఆ తర్వాత అద్దం అంచు మీద ఒక చెంబు నీళ్ళు పొయ్యమని అడగండి. తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాల నుంచి ఆ నీళ్ళు కారాలి. కారకపోతే షీటు వాటి మీద అంటుకుంది, అప్పటికప్పుడు విప్పించి కోయించాలి.